ముప్పై మూడున్నర

“కొత్తిమీరకు ఇరవై అయిదు, నాకు ముప్పై మూడున్నరనా?”

పోయిన జూలైలో ఒక పొద్దున సారవ్వ తన భర్త నర్సింగాన్ని ఈ మాట అడిగింది. రాత్రంతా నిద్ర లేక ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. చీర కొంగు చెమటకు తడిసి మెడకు అతుక్కుంది. నర్సింగం గోడకు తగిలించిన హైగ్రోమీటర్ వైపు చూశాడు. ముప్పై అయిదేళ్లు భూమి లోపల గాలిని కొలిచిన మనిషి, ఎవరు ఏ లెక్క అడిగినా ముందు పరికరం వైపే చూస్తాడు.

రెండూ డిగ్రీలే. మొదటిది ఇంట్లో లైట్ల కింద పెరిగే కొత్తిమీర ఓర్చుకోగల వేడి. రెండోది బొగ్గు గనిలో మనిషి చేత పని చేయించడానికి చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు. ఒకటి మామూలు థర్మామీటరు లెక్క, ఇంకొకటి తడిబట్ట చుట్టిన థర్మామీటరు లెక్క, పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఆ సంగతి నర్సింగానికి తెలుసు. సారవ్వ తనను థర్మామీటర్ల గురించి అడగలేదని కూడా తెలుసు. 

గోదావరిఖనిలో గనిని బాయి అంటారు. నర్సింగం బాయిలో వెంటిలేషన్ మేస్త్రీ, జనం నోట్లో గాలి మేస్త్రీ. బొగ్గు తవ్వే చేతుల మీద పాటలు కట్టారు, చౌరస్తాల్లో బొమ్మలు నిలబెట్టారు, మే డే నాడు మైకులు పట్టుకుని గొంతు బొంగురు పోయేదాకా పొగుడుతారు. గాలి మేస్త్రీ మీద ఎవరూ ఏమీ కట్టలేదు. కట్టడానికి ఏముంది? పైన ఒక పెద్ద ఫ్యాను గాలిని లాగుతుంది. ఒక దారిన మంచి గాలి దిగుతుంది, ఇంకో దారిన వాడిన గాలి ఎక్కిపోతుంది. ఈ రెండోదాన్ని రిటర్న్ అంటారు. రెండూ కలవకుండా మధ్యలో తలుపులుంటాయి. మనుషులు పని చేసే చోటికి గాలి మళ్లాలని గుంజలకు మందపాటి గుడ్డ పర్దాలు కొడతారు. తలుపు సరిగ్గా పడిందా, పర్దా చినిగిందా అని చూస్తూ చీకట్లో మైళ్లకు మైళ్లు నడవడమే ఆయన ఉద్యోగం.

నడకలో చేతిలో ఉండేది హైగ్రోమీటర్. పిల్లల గిలకలాగా పిడి పట్టుకుని గిరగిరా తిప్పే చెక్క. దాని మీద రెండు థర్మామీటర్లు, ఒకదాని బుడ్డికి తడిబట్ట. తిప్పి ఆపి చూస్తే ఒంటి మీది చెమట ఆరే గాలో ఆరని గాలో తెలుస్తుంది. తడిబట్టది ముప్పైన్నర దాటితే గాలి వేగం పెంచాలి. ముప్పై మూడున్నర దాటితే అక్కడ మనిషిని పనికి పెట్టకూడదు. నర్సింగం చదివింది ఏడో తరగతి. ఈ రెండు అంకెలు మాత్రం ఆయనకు ఇద్దరు కొడుకుల పేర్లంత గట్టిగా గుర్తు.

పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో ఒక పని జరిగింది. సారవ్వ తమ్ముడు సదయ్యకు అప్పుడు ఇరవై ఏళ్లు, బాయిలో రానివాళ్ల బదులు దిగే బదిలీ పనివాడు. పెద్ద ఫ్యాను గాలి అందని ఒక సొరంగం కొసన పని చేస్తున్నాడు. అలాంటి చోటికి చిన్న ఫ్యాను పెట్టి గొట్టంతో గాలి పంపిస్తారు. ఆ చిన్న ఫ్యాను మంచి గాలి పారే చోట ఉండాలి. నాలుగడుగులు లోపలికి జరిగిందంటే, బయటికి వస్తున్న వాడిన గాలినే పీల్చి మళ్లీ లోపలికి ఊదుతుంది. ఆ రోజు జరిగింది అదే. సదయ్య తట్ట పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు, మూడు రోజులు దవాఖానలో పడుకున్నాడు, బతికాడు. కాగితం మీద ‘గాలి చాలక’ అని రాశారు. ఫ్యానును అక్కడ పెట్టిందెవరని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. గాలి మేస్త్రీ ఆ షిఫ్టులో నర్సింగమే.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే పట్టు: వాడిన గాలిని మనిషికి మళ్లీ పెట్టకూడదు. దేవుడి మీద కూడా అంత పట్టు లేదు. ఇంట్లో ఏసీ మాట వస్తే లేచి కూర్చునేవాడు.

“ఏసీ అంటే ఏంది? నువ్వు ఇడిసిన గాలినే సల్లజేసి మళ్ల నీ ముక్కుకే పెడ్తది. కిటికీలు మూసుకొని, రిటర్న్ పీల్చుకుంట పండాల్నా?”

సదయ్య ఇప్పుడు భూమిని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతాడు. డంపర్ క్యాబిన్లో ఏసీ, ఇంట్లో రెండు గదులకు రెండు ఏసీలు. పండక్కి వచ్చినప్పుడల్లా బావను గిల్లకుండా వెళ్లడు.

“పడిపోయింది నేను. భయం నీకు పట్టుకున్నదేంది బావా? నా పాలు గూడ నువ్వే భయపడుతున్నవా?”

రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, వచ్చిన డబ్బుతో ఊరి అంచున రెండు గదులు, వరండా కట్టుకున్నారు. ఊరికే కూర్చోలేక నర్సింగం డాబా మీద కొత్తిమీర వేశాడు. కొన్నది అలీముద్దీన్, దావతులకు వండే బావర్చి. రెండోసారికే వెనక్కి తెచ్చాడు. సారవ్వనడిగి స్టీలు గిన్నెలో నీళ్లు తెప్పించి, కట్టను ముంచి తీశాడు.

“చూడు నర్సింగన్నా, చాయ్ అయ్యింది. ఇండ్ల పాలు పోస్తే గ్లాసు పది రూపాయలకు అమ్ముకోవచ్చు.”

నీళ్లు నిజంగానే నల్లబడ్డాయి. ఓపెన్‌కాస్ట్ దుమ్ము ఇక్కడ దండెం మీది బట్టను వదలదు, ఆకును వదులుతుందా?

నిరుడు మే నెలలో సారవ్వ ఆ కొత్తిమీరకు నీళ్లు పోస్తూ డాబా మీద పడిపోయింది. వడదెబ్బ. మూడు సెలైన్ సీసాలు ఎక్కాక డాక్టర్ నర్సింగాన్ని పిలిచి, ఈమె ఒళ్లు ఇక వేడికి ఓర్వదు, చల్లటి గదిలో ఉంచాలి, ఇంకోసారి ఇట్లయితే నా దగ్గరికి తెచ్చేదాకా ప్రాణం ఆగదు అన్నాడు. ఏసీ పెట్టించండి అని కూడా అన్నాడు. నర్సింగం తలూపి, ఇంటికొచ్చి కూలర్ కొన్నాడు. కూలర్ బయటి గాలిని లాగి, తడి గడ్డిలోంచి పంపి లోపలికి ఇస్తుంది. అది కొత్త గాలి. ఆయన పట్టుకు సరిపోయింది. ఎండాకాలంలో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి సారవ్వకూ సరిపోయింది.

ఈ ఏడు మొదట్లో కొత్తిమీర కూడా ఇంట్లోకి వచ్చింది. సారవ్వ గది పక్కనే ఉన్న రెండో గదిలో మూడు ఇనుప ర్యాకులు పెట్టి, ఒక్కోదానికి మూడు అరలు వేసి, ప్రతి అరకు నాలుగు ఎల్‌ఈడీ పట్టీలు బిగించాడు. కరీంనగర్‌లో షాపువాడు ఎల్‌ఈడీ చల్లగా ఉంటుంది అన్నాడు. ఒక్కటి చల్లగానే ఉంటుంది. ముప్పై ఆరు పెట్టి తలుపు మూస్తే, బకెట్లో నీళ్లు కాచే రాడ్డును పన్నెండు గంటలు ఆ గదిలో వదిలేసినట్టే. మొదటి విత్తనం మొలవనే లేదు. రెండోది మొలిచి, ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి రాలింది.

అప్పుడు నర్సింగంలో మేస్త్రీ లేచాడు. నిజం చెప్పాలంటే, రిటైరయ్యాక ఆయన అంత సంతోషంగా ఉన్నది ఆ రెండు నెలలే. ప్రతి పట్టీకి కరెంటు మార్చి ఇచ్చే డబ్బా ఒకటుంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. వేడిలో పెద్ద పాలు అక్కడే పుడుతుందని చేత్తో తాకి పట్టుకున్నాడు. తీగలు పొడిగించి డబ్బాలన్నిటినీ ఇంటి వెనక సందులో గోడకు బిగించాడు. నేల దగ్గర ఒక కంత పెట్టి తడి గడ్డి తడక కట్టాడు, గాలి అక్కడ దిగాలి. పైన వెంటిలేటర్లో ఫ్యాను పెట్టాడు, వేడి గాలి అక్కడ సందులోకి పోవాలి. ర్యాకుల మధ్య పాత దుప్పట్లతో పర్దాలు కొట్టాడు, గాలి దగ్గర దారి చూసుకుని పారిపోకుండా. అరచేతి వెనక వైపు ఆకుల ఎత్తులో పెట్టి నూరు లెక్కపెట్టేవాడు. చుర్రుమంటే పట్టీ నాలుగు వేళ్లు పైకి. పై అర వేడెక్కువ కాబట్టి అక్కడ పుదీనా, కింద కొత్తిమీర. ఆఖరున మొక్కల షిఫ్టే మార్చేశాడు. పగలు ఎండ వేడికి లైట్ల వేడి కూడా తోడైతే ఏ ఫ్యానూ ఆగదు. రాత్రి ఎనిమిదికి లైట్లు వేసి పొద్దున ఎనిమిదికి ఆర్పేవాడు.

“మొక్కలకు నైట్ షిఫ్టు ఏసినవా? అలవెన్సు గూడ ఇయ్యి మరి,” అన్నాడు సదయ్య.

ఈ ఏడు మే నెలలో కొత్తిమీర పచ్చగా, మెత్తగా, బండెడు వాసనతో లేచింది. బయట దొరకని కాలం. అలీముద్దీన్ మళ్లీ గిన్నె అడిగాడు, ముంచాడు, తీశాడు.

“వహ్వా! నీళ్లు నీళ్ల లెక్కనే ఉన్నయి.”

జూలైలో మూడు దావతులకు ఆర్డర్ చెప్పి, ఎనిమిది వేలు అడ్వాన్సు చేతిలో పెట్టి వెళ్లాడు. వానలకు చేలల్లో కొత్తిమీర మురిగిపోతుంది, అప్పుడు నువ్వే నాకు దిక్కు అన్నాడు.

వానలు పడ్డాయి. వానకు డ్రైవర్ డబ్బాలు తడవకుండా, బొగ్గు దుమ్ము కూలర్లో పడకుండా, నర్సింగం మూడడుగుల వెడల్పున్న ఆ సందు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా రేకులు కప్పించాడు. పని నీటుగా చేశాడు. ఒక్క చుక్క కారదు.

కానీ గాలిలో తడి పెరిగింది. తడి గడ్డి ఇక గాలిని చల్లబరచలేదు, ఇంకా బరువెక్కించింది. మొక్కల గది ముప్పై ఒకటికి ఎక్కి దిగనంది. కొత్తిమీర వేడి తగిలితే ఆకు మానేసి కాడ లేపుతుంది, పూతకు తయారవుతుంది. పూతకొచ్చిన కొత్తిమీరను ఏ బావర్చీ ముట్టుకోడు. నర్సింగం పన్నెండు అంగుళాల ఫ్యాను తీసి పద్దెనిమిది అంగుళాలది పెట్టాడు. వేడిని గదిలోంచి ఇంకా గట్టిగా తోసేశాడు.

సరిగ్గా ఆ వారం నుంచే పక్క గదిలో సారవ్వకు రాత్రుళ్లు ఊపిరి సరిగ్గా ఆడటం మానేసింది. కూలర్ ముందే పడుకుని, తడిసి ముద్దయి, గుండె దడదడలాడుతూ లేచి కూర్చునేది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండేది. మొదటి రాత్రి నర్సింగం గబగబా హైగ్రోమీటర్ తెచ్చి ఆమె మంచం పక్కన నిలబడి తిప్పాడు. లైటు కింద పట్టి చూశాడు.

“ముప్పై ఒకటున్నది.”

“అంటే?”

“ముప్పై మూడున్నర దాకా పర్వ లేదు. ముప్పైన్నర దాటింది కాబట్టి గాలి పెంచాలె. అంతే.” టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టాడు.

“ముప్పై మూడున్నర దాకా ఏం పర్వ లేదు?”

“డ్యూటీ జెయ్యొచ్చు.”

“నేనేమన్న డ్యూటీ జేస్తున్ననా? పండుకున్న గదయ్యా!”

చట్టం బతికున్నవాడి చేత తట్ట మోయించడానికి రాసిన అంకెను ఆయన పెళ్లాం నిద్రకు పట్టించాడు. దుర్మార్గం వల్ల కాదు. ఆయనకు తెలిసిన అంకె అదే. మనిషి హాయిగా ఉండటానికి ఎంత ఉండాలన్నది ఆయనకు ఎవరూ ఏ షిఫ్టులోనూ చెప్పలేదు. కొత్తిమీర హాయిగా ఉండటానికి ఎంత ఉండాలో మాత్రం ఫోన్లో చూసి తెలుసుకున్నాడు: ఇరవై అయిదు లోపు.

ఆరు రాత్రులు అలాగే గడిచాయి. ఏడో రోజు సాయంత్రం నర్సింగం మొక్కల గదికి ఏసీ బుక్ చేసి వచ్చాడు. అలీముద్దీన్ అడ్వాన్సు ఎనిమిది వేలు ముందు కట్టి, మిగతాది కిస్తీలకు. మొక్కకు వాడిన గాలితో గొడవ లేదు, మనం వదిలిన గాలే దానికి బలం, కాబట్టి ఏసీ మొక్కకు తప్పు కాదు, మనిషికే తప్పు అని సారవ్వకు విడమరచి చెప్పాడు కూడా. ఎక్కడా తొర్రిలేని వాదన. దానికి ఆమె మర్నాడు పొద్దున చాయ్ తాగాక అడిగింది, మొదట చెప్పిన ఆ మాట.

ఆయన హైగ్రోమీటర్ వైపు చూసేసరికి తమ్ముడికి ఫోన్ చేసింది.

“రేపటి నుంచి మీ ఇంట్ల పండుకుంట. ఈడ కొత్తిమీరకున్న పాటి కిమ్మత్తు నాకు లేదు.”

సదయ్య డ్యూటీ దిగి, స్నానం చేసి, రాత్రి తొమ్మిదింటికి వచ్చాడు. అప్పటికే పక్క గదిలో లైట్లు వెలుగుతున్నాయి, పెద్ద ఫ్యాను హోరుమంటోంది. అక్క గదిలోకి వెళ్లి కూలర్ ముందు మొఖం పెట్టాడు. చటుక్కున వెనక్కి తీశాడు.

“అక్కా, కూలర్ల కొత్తిమీర ఏసినవా?”

“ఏందిరా?”

“వాసనొస్తుంది.”

కూలర్ గాలిలో కొత్తిమీర వాసన. నెలల తరబడి ఇల్లంతా అదే వాసన కాబట్టి ఆ ఇద్దరికీ తెలియలేదు. సదయ్య దేవుడి గూట్లోంచి ఒక అగరబత్తి తీసి ముట్టించుకుని వెనక సందులోకి నడిచాడు. వెనక నర్సింగం. రేకుల కింద సందు ఉడికిపోతోంది. గోడకు ముప్పై ఆరు డ్రైవర్ డబ్బాలు వేడి కక్కుతున్నాయి. సదయ్య అగరబత్తిని మొక్కల గది ఫ్యాను ముందు పట్టుకున్నాడు. పొగ పైకి పోలేదు, పైన రేకులున్నాయి. గోడ వెంట పాములా సాగి, ఆరడుగుల అవతల సారవ్వ కిటికీకి బిగించిన కూలర్ వెనక భాగంలోకి దూరింది. మొత్తం దూరింది. అగరబత్తి సగం కాలేదాకా ఇద్దరూ అదే చూశారు.

మొక్కల గది వాడి పారేసిన గాలి, వేడీ తడీ కలిపి, రాత్రి షిఫ్టు పొడుగునా నర్సింగం సారవ్వ ముక్కుకే పెట్టాడు. మే నెలలో సందు పైన ఆకాశం ఉండేది, గాలి పైకి పోయేది. రేకులు కప్పి దాన్ని సొరంగం చేసింది ఆయనే. ఎవరి ఫ్యాను ఎవరి రిటర్న్ పీలుస్తుందో చూడటానికే ముప్పై అయిదేళ్లు జీతం తీసుకున్నవాడు.

“ఇది రెండోసారి బావా,” అన్నాడు సదయ్య.

గొంతులో గిల్లుడు లేదు. ఇరవై ఆరేళ్లుగా వేళాకోళం కింద దాచి ఉంచిన మాట అంత మామూలుగా బయటికి వచ్చింది. తొంభై తొమ్మిదిలో ఫ్యాను ఎవరు పెట్టారో సదయ్యకు ముందు నుంచీ తెలుసు.

నర్సింగం అగరబత్తిని అతని చేతిలోంచి తీసుకుని గోడకు నలిపి ఆర్పాడు. లోపలికి వెళ్లి మొక్కల గది మెయిన్ దించాడు. ముప్పై ఆరు పట్టీలూ ఒక్కసారి ఆరిపోయాయి, ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. తరువాత నిచ్చెన వేసుకుని రేకులు విప్పడం మొదలుపెట్టాడు. సదయ్య కిందినుంచి అందుకున్నాడు.  సారవ్వ కిటికీ దగ్గర నిలబడి చూసింది. తమ్ముడితో వెళ్లలేదు, అలాగని మొగుడితో మాట్లాడనూ లేదు. ఎనిమిది రోజులు అన్నం పెట్టి అవతలికి వెళ్లేది.

రెండు రోజులకు ఏసీ మెకానిక్ వచ్చాడు. “ఏ రూమ్ల కాకా?” అని అడిగాడు. నర్సింగం సారవ్వ గది చూపించాడు. బిగించి చలువ రాగానే ఆయన అలవాటున హైగ్రోమీటర్ కోసం గోడ మీదికి చెయ్యి చాచాడు.

“మళ్ల నాకు నంబరు జెప్పినవంటే దాన్ని పొయ్యిల పెడ్త,” అంది సారవ్వ. ఎనిమిది రోజుల్లో ఆమె అన్న మాట అదొక్కటే.

ఇప్పుడామె ఆ గదిలో తలుపు మూసుకుని పడుకుంటుంది, పొద్దున దాకా లేవదు. నర్సింగం వరండాలో దోమతెర కట్టుకుని పడుకుంటాడు. లోపలికి రమ్మని ఆమె అడగలేదు, అడిగినా వెళ్లేవాడు కాదు. పొద్దున అయిదింటికి లేచి, చప్పుడు కాకుండా ఆమె గది కిటికీ రెక్కలు రెండూ తెరుస్తాడు. పది నిమిషాలు ఆగి మూస్తాడు. ఆమె మెలకువగానే ఉంటుంది, ఊరుకుంటుంది. తప్పయింది అన్న మాట ఆయన ఇంతవరకు అక్కతోనూ అనలేదు, తమ్ముడితోనూ అనలేదు. అంటే వాళ్లు వినడానికి సిద్ధంగా ఉన్నారో లేదో కూడా చెప్పలేను.

కొత్తిమీర నాలుగు రోజుల చీకట్లో తెల్లబడి, ఆ గది కిటికీ తెరిచాక కాడలు లేపి, చిన్న చిన్న తెల్ల పూలు పూసింది. అలీముద్దీన్ దావతు ముందు రోజు వచ్చి ఒక కాడ తుంచుకుని చెవి వెనక పెట్టుకున్నాడు.

“బిర్యానీల ఫూల్ ఎయ్యాల్నా నర్సింగన్నా? పెండ్లికొడుక్కు కడ్త గని,” అని నవ్వి, భాభీ తబియత్ ఎట్లున్నదని అడిగి, కొత్తిమీరకు మంచిర్యాల మార్కెట్‌కు వెళ్లాడు. అడ్వాన్సు మాట ఆయన ఎత్తలేదు. నర్సింగమే ఎత్తాడు.

ఇనుప ర్యాకులు తుక్కుకు వేస్తే, పెద్ద ఫ్యాను అమ్మితే మూడు వేల అయిదు వందలు వచ్చింది, అది తీసుకెళ్లి ఇచ్చాడు. ఎల్‌ఈడీ పట్టీలు ఎవరూ కొనలేదు. అలీముద్దీన్‌కు ఇంకా నాలుగు వేల అయిదు వందలు బాకీ.